“నాకు మతిమరుపు వచ్చేసిందండీ”: ఎంఎస్‌లో ఒక కాగ్నిటివ్ శిక్షణ కేసు, మొదటి పరీక్ష నుంచి ఆరు నెలల ఫాలో అప్ దాకా

ఆమెకు 41 ఏళ్లు. డిగ్రీ చదివారు. బీమా క్లెయిములు చూసే ఆఫీసులో ఉద్యోగం: ఉదయం నుంచి సాయంత్రం దాకా ఫోన్లు ఎత్తడం, ఫైళ్లు సరిచూడడం. తొమ్మిదేళ్లుగా మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్: మెదడు, వెన్నుపాములోని నరాల పొర దెబ్బతినే జబ్బు) ఉంది, వచ్చి తగ్గి మళ్లీ వచ్చే రకం. 14 నెలలుగా రిలాప్స్ (జబ్బు మళ్లీ తిరగబెట్టడం) లేదు. తాజా ఎంఆర్‌ఐలో కొత్త మచ్చలు లేవు. వైకల్యాన్ని కొలిచే ఈడీఎస్‌ఎస్ 2.5, అంటే తక్కువే. నడక బాగానే ఉంది కాబట్టి ఇంట్లోవాళ్లూ, ఆఫీసువాళ్లూ జబ్బు అదుపులో ఉందనే అనుకుంటున్నారు. ఆమె చెప్పేది మాత్రం ఇది: “నాకు మతిమరుపు వచ్చేసిందండీ. ఫోన్లో చెప్పింది ఫోన్ పెట్టేలోపే పోతోంది.”

(ఇది ఒకే మనిషి కథ కాదు. ఇలాంటి కేసుల్లో కాగ్నిటివ్ శిక్షణ, అంటే జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచన వేగం కోసం చేయించే సాధన, ఎలా నడుస్తుందో చూపడానికి కూర్చిన మాదిరి కేసు. కేసులోని మార్కులు, మోతాదులు అందుకు తగ్గట్టు పెట్టినవి. పరీక్షలు, పద్ధతులు, అధ్యయనాల వివరాలు నిజమైనవి.)

“మరిచిపోతున్నాను” అంటే ఏం జరుగుతోంది

మతిమరుపు అన్న మాటను అలాగే రాసుకుని పరీక్షలకు దిగితే సగం సమాచారం పోతుంది. నిన్న జరిగిన ఒక్క సంఘటన చెప్పించాలి. ఆమె చెప్పింది ఇది. ఫోన్ మోగింది. అవతలివారు పేరు చెప్పారు, వెంటనే ఎనిమిదంకెల క్లెయిము నంబరు చెప్పారు, ఆ వెంటనే తమ ఇబ్బంది చెప్పడం మొదలుపెట్టారు. ఆమె నంబరు టైప్ చేస్తున్నారు. నాలుగో అంకె దగ్గర ఉండగా పేరు జారిపోయింది. నంబరు పూర్తయ్యేసరికి ఇబ్బందిలో మొదటి సగం వినలేదు. మళ్లీ అడగడానికి మొహమాటం. ఫోన్ పెట్టేశాక తిరిగి వాళ్లకే ఫోన్ చేయాల్సివచ్చింది.

ఇందులో పోయిన జ్ఞాపకం ఏదీ లేదు. పేరు లోపలికి వెళ్లనేలేదు. ఎంఎస్‌లో ఎక్కువగా కనిపించేది ఇదే: విన్నదాన్ని అందుకుని సర్దుకునే వేగం తగ్గుతుంది. నరాల మీది మైలిన్ పొర దెబ్బతిన్నప్పుడు మెదడులో దూరదూరపు భాగాల మధ్య సంకేతాలు నెమ్మదిస్తాయి. మెదడు మధ్యలో సంకేతాలను అందుకుని పంపే థాలమస్ అనే భాగం కుంచించుకుపోయినవాళ్లలో ఈ మందగింపు ఎక్కువగా కనబడుతుంది. అవతలి మనిషి మాట వేగం మాత్రం మారదు కదా, అందుకే మొదటి మాట సర్దుకునేలోపు మూడోది మీద పడుతుంది.

మరో రెండు విషయాలు ఆమె తానుగా చెప్పలేదు, అడిగితే వచ్చాయి. తప్పులు మధ్యాహ్నం మూడు దాటాకే ఎక్కువ. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తున్నారు. ఈ రెండింటి విలువ తర్వాత తెలిసింది.

పరీక్షలు, ఏ స్థితిలో చేశారన్నదానితో సహా

వాడింది బైకామ్స్ అనే చిన్న పరీక్షల గుచ్ఛం. 2012లో ఎంఎస్ కోసమే సిఫారసు చేసినది, పావుగంటలో అయిపోతుంది. ఇందులో మూడు భాగాలు: వేగాన్ని కొలిచే ఎస్‌డీఎంటీ, ఐదుసార్లు వినిపించే 16 పదాల జాబితా, మూడుసార్లు చూపించే ఆరు బొమ్మల కాగితం. పరీక్షకు ముందు చూపు సరిచూడాలి. ఆమె కుడికంటికి పాత ఆప్టిక్ న్యూరైటిస్ (కంటి నరం వాపు) ఉంది, గుర్తులు మసకగా కనిపిస్తే ఆ లోపాన్ని మెదడు ఖాతాలో వేసేస్తాం. పెద్ద అక్షరాల కాగితం, నీడ పడని వెలుతురు, చల్లటి గది, ఉదయం పది గంటలు. ఈ వివరాలన్నీ మార్కుల పక్కనే రాసి ఉంచాలి. ఆరు నెలల తర్వాత సాయంత్రం అయిదింటికి వేడి గదిలో అదే పరీక్ష పెడితే ఆ రెండు అంకెలను పోల్చడానికి లేదు.

పదాల జాబితా విషయంలో ఒక హెచ్చరిక. ఒక భాషలోని జాబితాను ఇంకో భాషలోకి మక్కికి మక్కి అనువదించి వాడకూడదు. పదం పొడవు, వాడుక, పదాల మధ్య సంబంధం అన్నీ మారిపోతాయి. ఆ భాషలో ప్రామాణికం చేసిన జాబితా ఉంటే అది వాడాలి. లేకపోతే సగటుతో పోల్చడం మానుకుని, ఆ మనిషి ఇవాళ్టి మార్కును రేపటి మార్కుతో మాత్రమే పోల్చాలి.

ఎస్‌డీఎంటీలో తొమ్మిది గుర్తులు, ఒక్కోదానికి ఒక అంకె. పైన తాళంచెవిలాంటి వరుస ఉంటుంది, కింద గుర్తులు మాత్రమే ఉంటాయి. 90 సెకన్లలో ఎన్ని అంకెలు సరిగ్గా చెప్పగలిగితే అంత మార్కు. చేతి వణుకు అడ్డురాకుండా నోటితో చెప్పించే పద్ధతే మంచిది. (మాట ముద్దగా వచ్చేవారిలో అదీ మోసం చేస్తుంది. అప్పుడు మాట తీరు పక్కన రాయాలి.) ఆమెకు వచ్చింది 38. ఆ వయసుకు, చదువుకు తగిన సగటు కంటే ఒకటిన్నర స్టాండర్డ్ డీవియేషన్ల (మార్కులు సగటు చుట్టూ ఎంత పరుచుకుంటాయో చెప్పే కొలత) కన్నా కిందికి పడింది.

మొత్తం అంకె ఒక్కటే చూసి కాగితం మడిచేయకూడదు. ప్రతి 30 సెకన్లకు గీత పెట్టుకుంటే 15, 12, 11 అని వచ్చింది. నిమిషంన్నరలోనే వేగం జారిపోతోంది. మధ్యాహ్నం మూడు గంటల తప్పులకు ఇది చిన్న అద్దం.

పదాల జాబితాలో వరుసగా 5, 7, 9, 10, 10, మొత్తం 80కి 41. బైకామ్స్‌లో భాగం కాకపోయినా 25 నిమిషాల తర్వాత మళ్లీ అడిగాం: పదిలో తొమ్మిది చెప్పారు. ఈ కేసు దారి మొత్తాన్ని నిర్ణయించింది ఈ ఒక్క వరుసే. నేర్చుకోవడానికి ఎక్కువసార్లు కావాలి, కానీ ఒకసారి నేర్చుకున్నది నిలుస్తోంది. 1990ల నుంచి ఎంఎస్ జ్ఞాపకశక్తి మీద జరిగిన పరిశోధనల్లో పదేపదే కనిపించిందీ ఇదే. కాబట్టి లోపలికి వెళ్లే ద్వారం దగ్గర పనిచేయాలి. ఆలస్యంగా అడిగినప్పుడు పదిలో నాలుగే వచ్చి ఉంటే ఇది వేరే కేసు అయ్యేది. బొమ్మల పరీక్షలో 36కి 22, కాస్త తక్కువే.

ప్రశ్నావళుల్లో: నిస్సత్తువను కొలిచే ఎంఎఫ్‌ఐఎస్‌లో 84కి 52 (38 దాటితే నిస్సత్తువ గట్టిగా ఉన్నట్టు). హెచ్‌ఏడీఎస్‌లో ఆందోళన 9, దిగులు 10. రెండూ 8 దాటాయి, అంటే పట్టించుకోవాల్సిన స్థాయి. రోజువారీ మతిమరుపు, ఏకాగ్రత ఇబ్బందులను అడిగే 15 ప్రశ్నల ఎంఎస్‌ఎన్‌క్యూలో (అంకె పెరిగితే ఇబ్బంది ఎక్కువ) ఆమె తనకు తాను వేసుకున్నది 34, భర్త వేసినది 22. సొంత అంచనా దిగులుతో పాటు పెరుగుతుంది. పరీక్షలో తేలేదానికి ఇంట్లోవాళ్ల అంచనాయే దగ్గరగా ఉంటుంది. ఇద్దరి అంకెల మధ్య ఇంత ఎడం కనిపిస్తే దిగులు సంగతి ముందు చూడాలి.

శిక్షణకు ముందు ఆరు వారాలు: మందుల చీటీ

కాగ్నిటివ్ శిక్షణలో ఎక్కువమంది దాటేసే అధ్యాయం ఇదే. ఆమె వాడుతున్నవి: మూత్రం ఆపుకోలేకపోవడానికి ఆక్సీబ్యుటినిన్ 5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, కాళ్ల బిగుతుకు రాత్రి బాక్లోఫెన్ 10 మిల్లీగ్రాములు, నిద్ర కోసం క్లోనజెపామ్ 0.5 మిల్లీగ్రాములు. ఆక్సీబ్యుటినిన్ నరాల మధ్య సంకేతాలు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనానికి అడ్డుపడే మందు. అది మెదడులోకీ చేరుతుంది, జ్ఞాపకం మీదే దెబ్బ కొడుతుంది. క్లోనజెపామ్ మత్తు మర్నాడు ఉదయానికీ కాస్త మిగులుతుంది. మూడు మందులూ విడివిడిగా చూస్తే సబబే. కలిపి చూసినవారు అప్పటిదాకా లేరు.

న్యూరాలజిస్ట్‌కు రాసిన ఉత్తరంలో మందు మార్చమని రాయలేదు. ఎస్‌డీఎంటీ అంకె, మధ్యాహ్నపు తప్పులు, రాత్రి మూడుసార్లు లేవడం, ఈ మూడు మందులు: ఇవి ఒకే పేజీలో పెట్టి, జ్ఞాపకం మీద భారం తక్కువగా ఉండే దారి ఉందా అని అడిగాం. ఆక్సీబ్యుటినిన్ స్థానంలో మిరాబెగ్రాన్ వచ్చింది. అది వేరే రిసెప్టార్ మీద పనిచేస్తుంది, ఎసిటైల్‌కోలిన్ జోలికి పోదు. క్లోనజెపామ్‌ను న్యూరాలజిస్ట్ వారాల తరబడి మెల్లగా తగ్గించారు. బాక్లోఫెన్ ముట్టుకోలేదు. ఇది శిక్షణ ఇచ్చేవాళ్లు పేషెంట్లకు గట్టిగా చెప్పాల్సిన మాట: మెదడు మొద్దుబారుతోందని బాక్లోఫెన్‌ను, క్లోనజెపామ్‌ను సొంతంగా ఒక్కసారి ఆపితే మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది.

థైరాయిడ్, బీ12 పరీక్షలు మామూలుగానే వచ్చాయి. దిగులుకు కౌన్సెలింగ్ మొదలైంది. రాత్రి లేవడం మూడు నుంచి ఒకటికి తగ్గింది.

ఆరు వారాల తర్వాత వేరే ఫారంతో మళ్లీ ఎస్‌డీఎంటీ: 43. భాగాలుగా 16, 14, 13. అయిదు మార్కులు పెరిగాయి, శిక్షణ ఇంకా మొదలే కాలేదు. ఇందులో కొంత మందుల మార్పుది, కొంత నిద్రది, కొంత రెండోసారి పరీక్ష చేయడం వల్ల వచ్చే అలవాటుది. మొదటిరోజే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఉంటే ఈ అయిదు మార్కులూ శిక్షణ గొప్పతనంగా రికార్డయ్యేవి. అందుకే అసలు మొదటి గీత 38 దగ్గర కాదు, 43 దగ్గర గీయాలి.

ఏది బాగుపడాలి అన్నది ముందే రాసుకోవడం

“జ్ఞాపకశక్తి పెరగాలి” అంటే లక్ష్యం కాదు. 1968 నుంచి వాడుకలో ఉన్న గోల్ అటైన్‌మెంట్ స్కేలింగ్ పద్ధతిలో, ప్రతి లక్ష్యానికీ -2 నుంచి +2 దాకా అయిదు మెట్లు, ఒక్కో మెట్టు అంటే ఏమిటో ముందే రాస్తాం. -1 ఇప్పటి స్థితి, 0 అంటే అనుకున్నంత.

ఆమె ఎంచుకున్నవి మూడు. మొదటిది ఫోన్ కాల్స్: వరుసగా 20 కాల్స్‌లో ఎన్నిటికి తిరిగి ఫోన్ చేయాల్సివచ్చింది? మందులు మార్చకముందు 7. మార్చాక 6. ఈ చిన్న తేడాను కాస్త ఆగి చూడాలి. పరీక్షలో అయిదు మార్కులు పెరిగినా పనిలో తప్పులు దాదాపు అక్కడే ఉన్నాయి. లక్ష్యం 3 లేదా 4 అంటే 0, 1 లేదా 2 అంటే +1, అసలే లేకపోతే +2. రెండోది మందులు, అపాయింట్‌మెంట్లు తప్పకపోవడం. మూడోది గంటసేపు జరిగే మీటింగ్ నుంచి తన పనులేమిటో బయటికి వచ్చాక చెప్పగలగడం.

కంప్యూటర్ మీద 12 వారాలు

ఈ రకం శిక్షణకు రెహాకామ్, బ్రెయిన్‌హెచ్‌క్యూ లాంటి ప్రోగ్రాములు ఉన్నాయి. వీటి గురించి రుజువులు ఏం చెబుతున్నాయో పేషెంటుకు మొదటే చెప్పాలి, ఆశ పెంచి తర్వాత దించడం క్రూరం. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో 135 మంది ఇంటి దగ్గరే 12 వారాలు, మొత్తం 60 గంటలు లక్ష్యంగా శిక్షణ చేశారు. మామూలు కంప్యూటర్ ఆటలు ఆడినవాళ్ల కంటే శిక్షణ చేసినవాళ్లు పరీక్షల్లో మెరుగయ్యారు. 2023లో వచ్చిన కాగ్‌ఎక్స్ అధ్యయనంలో, క్రమంగా ముదిరే రకం ఎంఎస్ ఉన్న 311 మందికి వారానికి రెండుసార్లు చొప్పున 12 వారాలు శిక్షణ, వ్యాయామం కలిపి ఇచ్చారు. ఉత్తుత్తి శిక్షణ, ఉత్తుత్తి వ్యాయామం చేసినవాళ్ల కంటే వీళ్లు ముందుకు వెళ్లలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే, కంప్యూటర్ భాగానికి మొత్తం పనిలో పావు వంతు చోటిస్తే సరిపోతుందన్నది మా అభిప్రాయం.

మోతాదు: రోజుకు 30 నిమిషాలు, వారానికి అయిదు రోజులు, ఉదయమే, ఆఫీసుకు ముందు. 30 నిమిషాలను 15, 15గా విరిచి మధ్యలో పది నిమిషాల విరామం. ఎస్‌డీఎంటీలో మూడో అరనిమిషం జారింది కదా, అలాంటివాళ్లను ఏకబిగిన కూర్చోబెడితే రెండో సగం తప్పులు చేయడం మాత్రమే నేర్పుతుంది. 60 సెషన్లలో 48 పూర్తయ్యాయి, అంటే 24 గంటలు.

కష్టాన్ని పెంచే పద్ధతి: ముందు తప్పులు తగ్గాలి, ఆ తర్వాతే వేగం. 80 నుంచి 85 శాతం సరిగ్గా వచ్చే మెట్టు దగ్గర పని నడవాలి. వరుసగా మూడు సెషన్లలో 90 దాటితే బొమ్మ తెర మీద ఉండే సమయం తగ్గిస్తాం. 70కి కిందికి పోతే ఒక మెట్టు వెనక్కి. ఎంఎస్ ఉన్నవాళ్లకు తగినంత సమయం ఇస్తే వేగపు పరీక్షల్లో కూడా తప్పుల సంఖ్య ఇతరులతో సమానంగా వస్తుందని 1999లోనే చూపించారు. సమయాన్ని ముందే బిగిస్తే ఆ మేలు పోగొట్టుకుంటాం.

మూడో వారంలో ఇది తప్పింది. ప్రోగ్రామ్ తనంతట తాను కష్టం పెంచుకునే సెట్టింగును మార్చకుండా వదిలేశాం. రెండు రోజుల్లో నాలుగు మెట్లు ఎక్కించింది, మూడోరోజు అయిదు మెట్లు దించింది. తెర మీద “స్థాయి తగ్గింది” అని కనబడగానే ఆమె ఆపేశారు, మూడు రోజులు మళ్లీ తెరవలేదు. “జబ్బు ముదురుతోందేమోనండీ” అన్నారు. మెట్లు చేత్తో మార్చేలా పెట్టి, స్థాయి అంకె కనబడకుండా దాచాక మళ్లీ గాడిలో పడింది.

చిన్నచిన్నవి కూడా చూసుకోవాలి. ఫోన్ తెర వద్దు, కనీసం ల్యాప్‌టాప్ అయినా ఉండాలి. రెండుగా కనిపించేవారు ఒక కన్ను మూసి చేయాలి, ఏ కన్నో రాసుకోవాలి. మౌస్ గురి తప్పేవాళ్లకు పెద్ద బటన్ ఒకటి ఇవ్వాలి, లేకపోతే చేతి ఆలస్యం మెదడు ఆలస్యంగా లెక్కపడుతుంది. ల్యాప్‌టాప్ ఒడిలో పెట్టుకోకూడదు. ఒంటి వేడి కొద్దిగా పెరిగినా దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు ఆగిపోతాయి.

కథ అల్లడం: పది సెషన్లు

ఈ కేసులో ఎక్కువ బరువు మోసింది ఈ భాగం. మాడిఫైడ్ స్టోరీ మెమరీ టెక్నిక్ అని పేరు. అమెరికాలోని కెస్లర్ ఫౌండేషన్‌లో నాన్సీ కియరవలోటి బృందం 86 మందితో పరీక్షించి 2013లో ప్రచురించింది. వారానికి రెండు చొప్పున అయిదు వారాలు, పది సెషన్లు. మొదటి నాలుగింటిలో విన్నదాన్ని బొమ్మగా చూడడం, తర్వాతి నాలుగింటిలో సంబంధం లేని పదాలను కథగా కట్టడం, చివరి రెండింటిలో నిజజీవితానికి తెచ్చుకోవడం. ఆమెకు శిక్షణలో రెండో వారం నుంచి ఆరో వారం దాకా జరిగింది.

రెండో సెషన్లో ఒక ముక్క. కథలో “గొడుగు” అన్న పదం వచ్చింది.

“ఏం కనిపిస్తోందండీ?”

“గొడుగు.”

“ఎక్కడుంది? ఎవరు పట్టుకున్నారు?”

“...ఎవరూ లేరు. నల్లది. మెట్ల మీద పడి ఉంది. గాలికి తిరగబడింది.”

“ఇప్పుడు ఏమవుతోంది?”

“దొర్లుతోంది. చప్పుడొస్తోంది.”

ఈ గొడుగు అరగంట తర్వాత అడిగినా వచ్చింది. మొదటి జవాబులోని ఉత్త గొడుగు వచ్చేది కాదు. ఇందులో థెరపిస్ట్ చేయకూడనిది ఒకటుంది: తొందరపడి బొమ్మ తానే అందించడం. “ఎర్ర గొడుగు అనుకోండి” అంటే అది మన బొమ్మ. తాను తయారుచేసుకున్నదే నిలుస్తుంది. ఆమె చెప్పేదాకా ఆగాలి, పది పన్నెండు సెకన్లు పట్టినా ఆగాలి. పక్కన కూర్చున్న భర్త రెండుసార్లు అందివ్వబోయారు. ఇంట్లో కూడా జవాబు తానే చెప్పడం అలవాటయిందని అక్కడ బయటపడింది. ఆయనకు ఇచ్చిన పని ఒక్కటే: అడిగాక మనసులో పది లెక్కపెట్టండి.

ఏడో సెషన్లో నిచ్చెన, గడియారం, పోస్ట్‌మ్యాన్, కిటికీ, తాడు. ఆమె కట్టిన కథ: పోస్ట్‌మ్యాన్ కిటికీకి నిచ్చెన వేసి ఎక్కి, తాడు కట్టి ఆగిపోయిన గడియారాన్ని కిందికి దించుతున్నాడు. కథ సబబుగా ఉండనక్కర్లేదు. ఒక పదం రెండోదాన్ని లాక్కురావాలి, అంతే. తప్పు జరిగేది ఎక్కడంటే, కొందరు ప్రతి పదానికీ వర్ణనలు పేర్చి కథను బరువెక్కిస్తారు, కథే మరిచిపోతారు. పదానికి ఒక పని, ఒక కదలిక చాలు. మనసులో బొమ్మలు అసలు కనిపించనివాళ్లు కూడా ఉంటారు. వాళ్లను బలవంతపెట్టకుండా మాటలతోనే కథ కట్టించాలి.

తొమ్మిదో సెషన్ నుంచి ఆఫీసు సరుకు వచ్చింది. పేరు, ఇబ్బంది: ఈ రెండూ జోడించడం. “రామారావుగారు, ఆస్పత్రి బిల్లులో ఒక పేజీ తక్కువ” అంటే, రామారావు అన్న పేరుతో తెలిసిన మొహం ఒకటి ఒక కాగితం కోసం ఆస్పత్రి వరండాలో వెతుకుతూ కనిపించాలి. ఎనిమిదంకెల నంబరుకు మాత్రం కథ వద్దు. రాయదగ్గది రాయాలి. జ్ఞాపకం మీద మోపకూడని బరువును మోపి, పట్టుదల పేరుతో మనిషిని అలిసిపోయేలా చేయడం శిక్షణ అనిపించుకోదు.

నాలుగు గళ్ల కాగితం

అయిదో వారం నుంచి ఫోన్ పక్కన ఒక కాగితపు ప్యాడ్. పేజీకి నాలుగు గళ్లు: పేరు, నంబరు, ఇబ్బంది, నేను చేస్తానన్నది. ఫోన్ ఎత్తగానే కీబోర్డు ముట్టుకోకూడదు. ముందు గళ్లు, ఫోన్ పెట్టాక కంప్యూటర్. నంబరును నాలుగు, నాలుగుగా అడిగి తిరిగి చదవాలి. అవతలివారు పరుగెత్తుతుంటే చెప్పాల్సిన మాట ముందే అలవాటు చేశాం: “ఒక్క నిమిషమండీ, రాసుకుంటున్నాను.” ఈ ఒక్క వాక్యాన్ని నోటికి తెచ్చుకోవడానికి మూడు సెషన్ల అభినయం పట్టింది. మొహమాటం మెదడు వేగం కంటే మొండిది.

మొదటి ప్యాడ్ పనిచేయలేదు. గళ్లు చిన్నవి, నాలుగో గడి పేజీ అడుగున పడింది, ఆమె దాన్ని ఖాళీగా వదిలేసేవారు. “నేను చేస్తానన్నది” పైకి తెచ్చి గడి పెద్దది చేశాక మాత్రమే తిరుగు కాల్స్ తగ్గడం మొదలైంది.

రిమైండర్లు ఒకే చోట ఉండాలి. ఆమెకు ఫోన్, డైరీ, ఫ్రిజ్ మీద చీటీలు, మూడూ ఉండేవి, ఏదీ పూర్తిగా లేదు. ఫోన్ ఒక్కటే ఉంచాం. రిమైండర్లో “డాక్టర్” అని రాస్తే పనికిరాదు. “9:30కి బయలుదేరాలి, ఫైలు బల్ల మీద” అని చేయాల్సిన పని రాయాలి. కొత్త దినచర్యను నిమిషానికి ఒకసారి, తర్వాత 3, 10, 30 నిమిషాలకు, మర్నాడు ఉదయం అడిగి చెప్పించాం. మళ్లీ మళ్లీ చదవడం కంటే ఎడం ఇచ్చి గుర్తుచేసుకోవడం ఎంఎస్‌లో ఎక్కువ నిలబడుతుంది.

పని సర్దుబాటు: ఫైళ్లు సరిచూడడం ఉదయానికి, ఫోన్లు 45 నిమిషాల విడతలుగా, మధ్యలో పది నిమిషాలు కళ్లు మూసుకుని విశ్రాంతి. ఆ పది నిమిషాలు ఫోన్ చూస్తే విశ్రాంతి కాదు. అలసట రాకముందే ఆగాలి, వచ్చాక ఆగితే తేరుకోవడానికి గంట పడుతుంది.

ఎనిమిదో వారం

కంప్యూటర్ సాధనలో 82 శాతం దగ్గర నిలకడగా ఉన్న స్కోరు మూడు రోజుల్లో 61కి పడింది. ఆమె ఇంకా ఎక్కువసేపు సాధన చేయబోయారు. శిక్షణ వెంటనే ఆపించాం. మూత్రం తరచుగా వస్తోందా, ఒళ్లు వెచ్చగా ఉందా, కొత్తగా తిమ్మిరి, బలహీనత, చూపు తేడా ఏదైనా ఉందా అని అడగాలి. మూత్ర పరీక్షలో ఇన్ఫెక్షన్ తేలింది. చికిత్స అయ్యాక పది రోజులకు స్కోరు మామూలయింది. ఎంఎస్‌లో ఒకటి రెండు రోజుల్లో మెదడు మందగిస్తే అది ఇన్ఫెక్షన్, వేడి, కొత్త మందు, రిలాప్స్, ఈ నాలుగింటిలో ఒకటి అనుకుని బయలుదేరాలి. నడకలో, చూపులో మార్పేమీ లేకుండా ఆలోచన ఒక్కటే మందగించే రిలాప్స్‌లు కూడా ఉంటాయి, కాబట్టి న్యూరాలజిస్ట్‌కు చెప్పకుండా వారం ఎదురుచూడకూడదు. స్టెరాయిడ్ కోర్సు నడిస్తే, అది అయ్యాక కనీసం నెల రోజులు ఆగి పరీక్ష పెట్టాలి.

ఏం మారింది

12 వారాల తర్వాత ఎస్‌డీఎంటీ 47, భాగాలుగా 16, 16, 15. అసలు మొదటి గీత 43 నుంచి నాలుగు మార్కులు. నాలుగు మార్కుల మార్పుకు రోజువారీ జీవితంలో అర్థం ఉంటుందని సాధారణంగా లెక్క. ఒకే మనిషి విషయంలో మాత్రం నాలుగు అనేది అదృష్టం కూడా కావచ్చు, ఎనిమిది దాకా పెరిగితే నమ్మకంగా చెప్పొచ్చు. కాబట్టి రిపోర్టులో “వేగం పెరిగింది” అని రాయలేదు. “మొత్తంలో చిన్న పెరుగుదల, చివరి అరనిమిషం జారడం తగ్గింది” అని రాశాం.

పదాల జాబితా వేరే ఫారంతో 52, వరుసగా 7, 10, 11, 12, 12. మొదటిసారి వినగానే ఏడు రావడం కథ అల్లడం నుంచి వచ్చింది. ఏం చేశారని అడిగితే పదాలను జతలుగా కట్టానని చెప్పారు. బొమ్మల పరీక్ష 23, దాదాపు అక్కడే ఉంది. బొమ్మల మీద శిక్షణ ఇవ్వలేదు కాబట్టి మారకపోవడమే సహజం. అన్నీ ఒక్కసారే పెరిగి ఉంటే పరీక్ష పెట్టిన తీరునే అనుమానించాల్సివచ్చేది. ఎంఎఫ్‌ఐఎస్ 41, ఇంకా 38 పైనే. దిగులు 6.

తిరిగి ఫోన్ చేయాల్సిన కాల్స్ 20కి 2, లక్ష్యంలో +1. మందులు, అపాయింట్‌మెంట్లు +1. మీటింగ్ లక్ష్యం -1 దగ్గరే ఆగిపోయింది: ముగ్గురు ఒకేసారి మాట్లాడే చోట కథ అల్లడానికి సమయం దొరకదు. మీటింగ్ చివర తనకు అప్పగించిన పనులను ఎవరైనా రాసి పంపాలని ఆమె మేనేజరును అడిగారు, అలా నడుస్తోంది.

శిక్షణ ముగిశాక ఆరు నెలలకు: కంప్యూటర్ సాధన అందులో రెండో నెలలోనే మానేశారు. ఎస్‌డీఎంటీ 46. తిరుగు కాల్స్ 3. ప్యాడ్ రోజూ వాడుతున్నారు, కథ అల్లడం పేర్లకు మాత్రమే మిగిలింది. బ్రిటన్‌లో 449 మందితో జరిగి 2020లో వెలువడిన క్రామ్స్ అధ్యయనంలో పది గ్రూపు సెషన్ల తర్వాత ఏడాదికి చూస్తే, జబ్బు మనసు మీద వేసే భారంలో ప్రధానమైన తేడా రాలేదు. రోజువారీ మతిమరుపులో, మూడ్‌లో చిన్న మేలు మాత్రం కనిపించింది. ఈ కేసు ఫలితం కూడా ఆ కొలతలోనే ఉంది, అంతకు మించి చెప్పుకోకూడదు.

నడక బాగా తగ్గినవాళ్లకు, క్రమంగా ముదిరే రకం ఉన్నవాళ్లకు ఈ వరుస తిరగేస్తాం: ప్యాడ్, రిమైండర్, పని సర్దుబాటు ముందు, కథ తర్వాత, కంప్యూటర్ వాళ్లకు ఇష్టమైతేనే. దిగులు తీవ్రంగా ఉంటే అది కాస్త తేలికయ్యేదాకా శిక్షణ మొదలుపెట్టం.

ఆమె ఫైలు మొదటి పేజీలో ఇప్పుడు ఇవి రాసి ఉన్నాయి: ఎస్‌డీఎంటీ ఏడాదికోసారి, ఫారాలు మార్చుతూ, ఉదయం పదింటికి, చల్లటి గదిలో, పెద్ద అక్షరాల కాగితం మీద, 30 సెకన్ల గీతలతో. పక్కన ఆ రోజు వాడుతున్న మందులన్నీ. నాలుగు మార్కులు తగ్గితే ముందు మూత్ర పరీక్ష, మందుల చీటీ, నిద్ర చూడాలి. అవి సరిగ్గా ఉంటే అదే వారంలో న్యూరాలజిస్ట్‌కు ఫోన్.